అనంతపురం పిల్లల ఆస్పత్రిలో ఐపీ ఫోన్లు: ఇన్‌కమింగ్ కాల్స్ డైరీ

పని ఏంటి

సాయినగర్‌లో ఒక పిల్లల ఆస్పత్రికి ఐపీ ఫోన్లు, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్లు, పెడుతున్నాను. రిసెప్షన్, మందుల షాపు, ల్యాబ్, వార్డు, డాక్టర్ గారి గది, ఇంతే. సిస్టమ్ చిన్నదే. కానీ వాళ్ల 08554 నంబరు ఏళ్లుగా ఓపీ చీటీల మీద అచ్చవుతోంది, కళ్యాణదుర్గం, ఉరవకొండ, శింగనమల వైపు ఊర్లలో బిడ్డకి జ్వరం వస్తే జనం ముందు చేసేది ఆ నంబరుకే, కాబట్టి అది మారకూడదు, ఒక్క పూట కూడా మూగబోకూడదు అని డాక్టర్ గారు ముందే చెప్పేశారు. మన దగ్గర మొబైల్‌కి ఉన్నట్టు ల్యాండ్‌లైన్ నంబరుకి పోర్టబిలిటీ లేదు. అందుకని పాత రాగి లైను ఇచ్చిన కంపెనీ దగ్గరే సిప్ ట్రంక్ తీసుకున్నాం. సిప్ అంటే ఐపీ ఫోన్లు కాల్ కుదుర్చుకునే భాష, ఆ భాషలో కంపెనీ నుంచి మన దాకా కాల్స్ తెచ్చే లైనే ట్రంక్. ముందు ట్రంక్‌తో పాటు వచ్చిన కొత్త నంబర్ల మీద అన్నీ పరీక్షించి, అంతా సరిగ్గా ఉందనుకున్నాకే పాత నంబర్ని దీని మీదకి మార్పించాలని ప్లాను.

అవుట్‌గోయింగ్ గురించి ఇక్కడ పెద్దగా రాయను. బయటికి చేసే కాల్ పోకపోతే చేసినవాళ్లకి అప్పుడే తెలుస్తుంది, ఇంకోసారి చేస్తారు, లేదా సెల్లు తీస్తారు. లోపలికి వచ్చే కాల్ దారిలో చచ్చిపోతే ఆస్పత్రిలో ఎవరికీ తెలియదు, ఫోన్ బల్ల మీద నిశ్శబ్దంగా కూర్చుని ఉంటుంది, ఈ రోజు రద్దీ తక్కువ అనుకుంటారు. ఆ సంగతి తెలిసేది ఒళ్లో బిడ్డని పెట్టుకుని నంబరు నొక్కిన తల్లికి ఒక్కదానికే. అందుకే ఈ డైరీ మొత్తం ఇన్‌కమింగ్ మీదే.

సోమవారం: సర్వర్, వైర్లు

ఫ్యాన్ లేని ఒక చిన్న మినీ పీసీ, అందులో రెండు నెట్‌వర్క్ పోర్టులు. అందులో డెబియన్ 12 అనే లినక్స్ వేశాను. పీసీని ఫోన్ ఎక్స్ఛేంజీగా మార్చే సాఫ్ట్‌వేర్ పేరు ఆస్టరిస్క్. ఆ వెర్షన్ డెబియన్ రిపాజిటరీలో దాని ప్యాకేజీ లేదు, అందుకని ఆస్టరిస్క్ 20 ని సోర్స్ నుంచి కంపైల్ చేశాను. నెట్‌లో దొరికే పాత పాఠాలు చాలా వరకు పాత సిప్ డ్రైవర్ కోసం రాసినవి, ఆ డ్రైవర్‌ని ఆస్టరిస్క్ 21 నుంచి పూర్తిగా తీసేశారు కాబట్టి ఇప్పుడు కొత్తగా పెట్టేవాళ్లు దాని బదులు వచ్చిన పీజేసిప్ డ్రైవర్‌లోనే మొదలుపెట్టాలి. సెట్టింగ్స్ రాసే తీరే వేరు. పాతదాన్ని చూసి కొత్తదాంట్లో రాస్తే గందరగోళం తప్ప ఏమీ మిగలదు.

ట్రంక్ ఇంటర్నెట్ మీద రాదు. ఫైబర్ పెట్టెలో ఒక పోర్టు విడిగా దానికోసమే ఇచ్చారు, అందులో కంపెనీ వాళ్ల ప్రైవేటు నెట్‌వర్క్, 10 తో మొదలయ్యే ఒక ఐపీ. కాబట్టి సర్వర్‌లో ఒక పోర్టు ఆస్పత్రి లోపలి 192.168 నెట్‌వర్క్‌కి, రెండోది ట్రంక్‌కి. డిఫాల్ట్ గేట్‌వే, అంటే వేరే దారి చెప్పని ప్యాకెట్లన్నీ పోయే దారి, లోపలి రౌటర్ వైపే ఉంచి, కంపెనీ ఎస్‌బీసీ ఐపీకి మాత్రం స్టాటిక్ రూట్, అంటే విడిగా ఒక దారి, రాశాను. ఎస్‌బీసీ అంటే వాళ్ల నెట్‌వర్క్ అంచున కాపలా ఉండి మనతో సిప్ మాట్లాడే సర్వర్. ఈ రెండు కాళ్ల అమరిక వల్ల తర్వాత వచ్చిన చిక్కులు కింద రాస్తాను, సగం ప్రాజెక్టు అదే.

పాస్‌వర్డు, రిజిస్ట్రేషన్ లాంటివి ఏమీ లేవు. వాళ్ల ఐపీ మనకి తెలుసు, మన ఐపీ వాళ్లకి తెలుసు, అంతే.

మంగళవారం: కాల్ వస్తోంది, మనమే వద్దంటున్నాం

నా సెల్లు నుంచి పరీక్ష నంబరుకి చేశాను. రెండు బీప్‌లు, కట్. రిసెప్షన్ ఫోన్ కదల్లేదు.

ఇలాంటప్పుడు చాలామంది వెంటనే సెట్టింగ్స్ తెరిచి ఒక్కోటి మార్చడం మొదలుపెడతారు. దయచేసి అలా చేయొద్దు. ముందు ఎస్ఎన్‌గ్రెప్ అనే చిన్న టూల్ వేసుకోండి, టెర్మినల్‌లోనే సిప్ సందేశాలు బాణాల బొమ్మలాగా వరసగా కనిపిస్తాయి. కాల్ అసలు మన గుమ్మం దాకా వచ్చిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. రాకపోతే కంపెనీ వైపో, రూటింగో చూడాలి. వచ్చి వెనక్కి పోతే అది మన వైపు సంగతి. ఈ ఒక్కటి తేల్చుకోకుండా ఫోన్ పట్టుకుని కంపెనీ వాళ్లతో గంటలు గంటలు వాదించుకునేవాళ్లని చూశాను.

మా దగ్గర ఇన్వైట్, అంటే కాల్ మొదలుపెట్టే సిప్ సందేశం, వచ్చింది. సర్వర్ దానికి 401 అని జవాబిచ్చింది, అంటే నువ్వెవరో పాస్‌వర్డుతో చెప్పు అని. ఎస్‌బీసీ దగ్గర పాస్‌వర్డ్ ఏదీ లేదు కాబట్టి అది అక్కడితో వదిలేసింది. ఆస్టరిస్క్ లాగ్‌లో కూడా ఈ ఇన్వైట్‌కి సరిపోయే ఎండ్‌పాయింట్ (సర్వర్‌కి తెలిసిన ఫోన్ లేదా ట్రంక్) దొరకలేదని స్పష్టంగా ఉంది. ఇన్వైట్ ఏ ఐపీ నుంచి వచ్చిందో చూస్తే, కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉన్న ఐపీ కాదు, దాని పక్కది. అడిగితే అది స్టాండ్‌బై ఎస్‌బీసీ అట, కాల్స్ రెండింట్లో ఏదాని నుంచైనా వస్తాయట. కాగితంలో ఒకటే రాశారు. పీజేసిప్‌లో ఐడెంటిఫై అనే విభాగం ఉంటుంది, ఫలానా ఐపీ నుంచి వచ్చింది ఫలానా ట్రంక్‌ది అని గుర్తుపట్టేది అక్కడే. రెండు ఐపీలూ అందులో వేశాను, ఫైర్‌వాల్‌లో కూడా. ట్రంక్ తీసుకునే వాళ్లెవరైనా సరే, సిగ్నలింగ్ (కాల్ కుదిర్చే) ఐపీలు మొత్తం ఎన్ని, మీడియా (మాట పోయే) ఐపీలు ఏవి అని మొదటే మెయిల్‌లో రాయించుకోండి.

ఇంకో చిన్న విషయం కూడా అప్పుడే చూశాను. ఎస్‌బీసీ మధ్య మధ్యలో ఆప్షన్స్ అనే సందేశం పంపి మనం బతికే ఉన్నామా అని చూస్తూ ఉంటుంది. గుర్తుపట్టని ఐపీ నుంచి వస్తే దానికీ మన సర్వర్ 401 ఏ చెప్తోంది. కొన్ని ఎస్‌బీసీలు 200, అంటే సరే అన్న జవాబు, తప్ప ఇంకేం వచ్చినా ట్రంక్ పడిపోయిందని లెక్కేసుకుని కాల్స్ పంపడమే ఆపేస్తాయి. ఐడెంటిఫై సరిచేయగానే ఇది కూడా 200 కి మారింది.

అదే సాయంత్రం: నంబరు ఏ రూపంలో వస్తుంది

401 పోయి 404 వచ్చింది. ముందుకు కదిలినట్టే, ఇప్పుడు సర్వర్ ట్రంక్‌ని గుర్తుపట్టింది గానీ అడిగిన నంబరు తన దగ్గర లేదంటోంది. ఇన్వైట్ మొదటి లైను చదివితే నంబరు ముందు ప్లస్ 91 ఉంది. కాగితంలో పది అంకెలు అని రాశారు. మన డయల్‌ప్లాన్, అంటే ఏ నంబరు ఎక్కడికి పోవాలో రాసిన వరుస, పది అంకెల కోసం ఎదురుచూస్తోంది, వచ్చింది ప్లస్‌తో కలిపి పదమూడు అక్షరాలు.

దీన్ని వచ్చిన రూపానికి మాత్రమే సరిచేసి వదిలేయడం నాకు ఇష్టం లేదు. రేపు వాళ్లు వాళ్ల వైపు ఏదో అప్‌గ్రేడ్ చేసి రూపం మార్చేస్తే మళ్లీ ఆస్పత్రి ఫోన్ మూగబోతుంది, ఎవరికీ చెప్పరు కూడా. అందుకని లోపలికి వచ్చే ప్రతి నంబర్నీ ముందు ఒకే రూపంలోకి తెచ్చేలా రాశాను: ప్లస్ 91 తో వస్తే ముందు మూడు అక్షరాలు కోసేయడం, సున్నాతో వస్తే సున్నా తీసేయడం, ఉత్త ఆరు అంకెలే వస్తే ముందు 8554 చేర్చడం. అనంతపురం కోడ్ నాలుగు అంకెలు, లోకల్ నంబరు ఆరు, మొత్తం పది. ఆ తర్వాత పది అంకెలని బట్టి ఎక్కడికి పోవాలో నిర్ణయం.

అన్నిటికీ కింద ఒక ఆఖరి గీత: వీటిల్లో దేనికీ సరిపోని అంకెల నంబరు ఏది వచ్చినా రిసెప్షన్‌కే పంపు, లాగ్‌లో మాత్రం గట్టిగా రాయి. తప్పు నంబరు మోగినా పర్లేదు, రిసెప్షన్ అక్క ఎత్తి మాట్లాడుతుంది. మోగాల్సింది మోగకపోవడమే ప్రమాదం.

ఫోన్ మోగింది. రిసెప్షన్ అక్క నా కన్నా ముందు ఎత్తేసింది. ఎత్తి, "హలో, హలో" అని నా వైపు చూసి, "మోగుతాంది గానీ ఏమీ వినపడలేదబ్బీ" అంది.

బుధవారం: మాట ఎటు పోతోంది

సిప్ అనేది కాల్‌ని కుదిర్చేది మాత్రమే. మాట వేరే దారిలో, ఆర్‌టీపీ ప్యాకెట్లలో పోతుంది. ఏ ఐపీకి, ఏ పోర్టుకి పంపాలో ఇద్దరూ సిప్ సందేశం లోపల ఎస్‌డీపీ అనే చిన్న భాగంలో చెప్పుకుంటారు. అక్కడ తప్పు ఉంటే ఫోన్ శుభ్రంగా మోగుతుంది, ఎత్తొచ్చు, మాట మాత్రం ఉండదు.

ఇక్కడ నాకు ఎప్పుడూ పనికొచ్చే ఒక లెక్క చెప్తాను. ఎవరికి వినపడలేదో అడగండి, తప్పు ఎటువైపో సగం తెలిసిపోతుంది. అవతలివాళ్ల మాట మనకి రాకపోతే, మనం ఎస్‌డీపీలో ఇచ్చిన అడ్రస్ వాళ్లు చేరలేనిదై ఉండాలి, లేదా మన ఫైర్‌వాల్ ఆపేస్తూ ఉండాలి. మన మాట వాళ్లకి పోకపోతే, వాళ్లు ఇచ్చిన మీడియా ఐపీకి మన దగ్గర దారి లేనట్టు. మాకు రెండు వైపులా లేదు, అంటే రెండు తప్పులు.

ఒకటి: మన సర్వర్ 200 ఓకేలో పంపిన ఎస్‌డీపీ చూస్తే ఆస్పత్రి లోపలి 192.168 అడ్రస్ ఉంది. కంపెనీ నెట్‌వర్క్‌లో ఆ అడ్రస్‌కి అర్థమే లేదు. ట్రంక్ ఎండ్‌పాయింట్‌కి మీడియా అడ్రస్‌గా 10 తో మొదలయ్యే మన ట్రంక్ వైపు ఐపీని విడిగా రాశాను, ఆర్‌టీపీ కూడా అదే అడ్రస్ మీద నిలబడేలా పెట్టాను.

రెండు: వాళ్ల ఇన్వైట్‌లోని ఎస్‌డీపీ చూస్తే మీడియా ఐపీ ఎస్‌బీసీ సిగ్నలింగ్ ఐపీ కాదు, వేరే సబ్‌నెట్‌లో, అంటే వేరే ఐపీల గుంపులో, ఉంది. దానికి మనం రూట్ రాయలేదు కదా, కాబట్టి మన ప్యాకెట్లు డిఫాల్ట్ గేట్‌వే పట్టుకుని ఇంటర్నెట్ వైపు పోయి అక్కడే మాయమవుతున్నాయి. ఆ సబ్‌నెట్‌కి కూడా ట్రంక్ గేట్‌వే ద్వారా స్టాటిక్ రూట్ వేశాను. ఫైర్‌వాల్‌లో మాట ప్యాకెట్లు వచ్చే యూడీపీ పోర్టు నంబర్లు 10000 నుంచి 20000 వరకు, అది కూడా కంపెనీ మీడియా సబ్‌నెట్ నుంచి వచ్చేవాటికి మాత్రమే, తెరిచాను.

కోడెక్, అంటే మాటని అంకెలుగా మార్చే పద్ధతి, ఏ-లా ఒక్కటే ఉంచాను. మన దేశంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు వాడేది అదే, లోపలి ఫోన్లకీ వస్తుంది, కాబట్టి మధ్యలో మార్పిడి పని ఉండదు. ఒక కాల్‌కి ఒక్కో వైపు 64 కేబీపీఎస్ మాట, హెడర్లతో కలిపితే 80 దాటుతుంది. ఫైబర్‌కి అది లెక్కే కాదు.

మాట వచ్చింది. రెండు వైపులా, స్పష్టంగా.

గురువారం: 32 సెకన్లు

డాక్టర్ గారు ఇంటి నుంచి కాల్ చేయించుకుని పైగదిలో ఎత్తి మాట్లాడి చూశారు. "బానే ఉందప్పా, కానీ మాట్లాడుతుంటే కట్ అయిపాయ" అన్నారు. మళ్లీ చేయించాం, మళ్లీ కట్. గడియారం పెట్టి చూస్తే ప్రతిసారీ సుమారు అర నిమిషం దగ్గరే.

సిప్‌తో పని చేసేవాళ్లకి 32 సెకన్లు అన్న అంకె కనిపించగానే మిగతా అనుమానాలన్నీ పక్కన పెట్టేయొచ్చు. ఫోన్ ఎత్తగానే మన సర్వర్ 200 ఓకే పంపుతుంది, దానికి అవతల నుంచి ఏక్ అనే రసీదు రావాలి. రాకపోతే సర్వర్ అర సెకన్‌కి, ఒక సెకన్‌కి, రెండుకి, నాలుగుకి, ఆ తర్వాత నాలుగేసి సెకన్లకి అదే 200 ఓకేని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. సిప్ ప్రమాణంలో, అంటే 2002 నాటి ఆర్ఎఫ్‌సీ 3261 లో, టీ1 అనే మూల కాలం 500 మిల్లీసెకన్లు, దానికి 64 రెట్లు ఆగి అప్పటికీ రసీదు లేకపోతే కాల్ తెంచేయమని ఉంది. 64 ని అర సెకన్‌తో గుణిస్తే 32. మాట మాత్రం వేరే దారి కాబట్టి ఆ 32 సెకన్లూ హాయిగా వినిపిస్తుంది, అందుకే ఇది జనాన్ని అంతగా తికమక పెడుతుంది.

ఎస్ఎన్‌గ్రెప్‌లో చూస్తే అచ్చం అదే, 200 ఓకేలు బారులు తీరి ఉన్నాయి, ఏక్ ఒక్కటి కూడా లేదు. ఏక్ ఎక్కడికి పోవాలో నిర్ణయించేది మన 200 ఓకేలోని కాంటాక్ట్ అనే హెడర్. ఉత్తరం మీద తిరుగు చిరునామా లాంటిదది. అందులో ఇంకా 192.168 అడ్రసే ఉంది. నిన్న సరిచేసింది మాట అడ్రస్ మాత్రమే, సిగ్నలింగ్ అడ్రస్ వేరే చోట ఉంటుంది.

రెండు పోర్టులకీ కలిపి ఒకే ట్రాన్స్‌పోర్ట్ (సర్వర్ ఏ ఐపీ మీద సిప్ మాట్లాడాలో చెప్పే సెట్టింగ్), అది కూడా ఏ ఐపీ అయినా సరే అన్నట్టు 0.0.0.0 మీద ఉంటే ఇలాంటివి వస్తాయి. అది తీసేసి రెండు ట్రాన్స్‌పోర్ట్‌లు రాశాను, ఒకటి లోపలి ఐపీ మీద, ఒకటి ట్రంక్ ఐపీ మీద, రెండూ సిప్ మామూలుగా వాడే 5060 పోర్టు నంబరు మీదే. ట్రంక్ ఎండ్‌పాయింట్‌కి రెండోది, లోపలి ఫోన్లకి మొదటిది. ట్రాన్స్‌పోర్ట్ మార్పులు మామూలు రీలోడ్‌తో పట్టవు, సర్వీస్ రీస్టార్ట్ చేయాలి, ఇది తెలియక రాసింది పనిచేయట్లేదని మళ్లీ చెరిపేసేవాళ్లు ఉంటారు. రీస్టార్ట్ చేశాక ఏక్ వచ్చింది. డాక్టర్ గారు ఈసారి కావాలనే చాలాసేపు మాట్లాడారు, వాళ్లమ్మతో. కట్ కాలేదు.

శుక్రవారం: చేసినవాళ్లకి ఏం వినిపిస్తుంది

కొంచెం టెక్నికల్ తగ్గించి, మనసు పెట్టి ఆలోచించిన రోజు ఇది.

మందుల షాపు అన్న "పెద్దాస్పత్రుల్లో మాదిరి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి పెడితే బాగుంటుంది గదా" అన్నాడు. నేను, రిసెప్షన్ అక్క ఇద్దరం వద్దన్నాం. రాత్రి పూట బిడ్డకి ఫిట్స్ వచ్చి ఫోన్ చేసే అవ్వకి మెనూ వినే ఓపిక ఉండదు, కొందరికి ఏది నొక్కాలో అర్థం కాదు. మనిషి ఎత్తాలి. ఎత్తే మనిషి దొరికేదాకా నిజమైన రింగ్ వినిపించాలి.

అందుకని కాల్ రాగానే సర్వర్ ఎత్తేసి పాట పెట్టడం లేదు. 180 రింగింగ్ అనే సందేశం మాత్రం వెనక్కి పోతుంది, ఆ రింగ్ శబ్దాన్ని అవతలి ఎక్స్ఛేంజీయే వినిపిస్తుంది. ముందు రిసెప్షన్ 20 సెకన్లు. ఎత్తకపోతే రిసెప్షన్‌తో పాటు వార్డు ఫోన్ కూడా మోగుతుంది. అప్పటికీ ఎవరూ ఎత్తకపోతేనే సర్వర్ ఎత్తి, అక్క గొంతుతో రికార్డ్ చేసిన రెండు వాక్యాలు వినిపించి, కాల్‌ని డ్యూటీ నర్సు సెల్లుకి పంపుతుంది. రికార్డింగ్ 8000 హెర్ట్జ్, మోనో, 16 బిట్ వేవ్ ఫైల్‌గా ఉండాలి. అక్క మొదట పుస్తకం చదివినట్టు చెప్పింది, "మామూలుగా అవ్వతో మాట్లాడినట్టు చెప్పక్కా" అంటే అప్పుడు కుదిరింది.

సర్వర్ ఎత్తేశాక నర్సు సెల్లు మోగే లోపల వినిపించే రింగ్‌ని మన సర్వరే పుట్టించాల్సి రావచ్చు. ఆస్టరిస్క్ డిఫాల్ట్‌గా అమెరికా రింగ్ వాడుతుంది, రెండు సెకన్లు మోగి నాలుగు సెకన్లు ఆగుతుంది. మన చెవికి అలవాటైంది ట్రింగ్ ట్రింగ్ అని రెండు పొట్టి మోతలు, రెండు సెకన్ల విరామం. తెలియని మోత వింటే లైను పాడైందనుకుని పెట్టేస్తారు, అది ఖాయం. ఇండికేషన్స్ సెట్టింగ్‌లో దేశాన్ని ఇండియాకి మార్చి, ట్రంక్ ఎండ్‌పాయింట్‌కి కూడా అదే టోన్ జోన్ రాశాను.

రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా వరస తిరగబడుతుంది, ముందు వార్డు, తర్వాత నర్సు సెల్లు. రిసెప్షన్‌లో ఆ టైంలో ఎవరూ ఉండరు.

శనివారం: ఎవరు చేశారో తెలియాలి, కరెంటు పోతే బతకాలి

మిస్డ్ కాల్ చూసి అక్క తిరిగి చేస్తే పోవట్లేదు. కాలర్ నంబరు ప్లస్ 91 తో వస్తోంది, కొన్ని పది అంకెలతో వస్తున్నాయి. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు సున్నా ఉండాలని 2021 జనవరి 15 నుంచి నియమం ఉంది. కాబట్టి లోపలికి వచ్చే ప్రతి కాలర్ నంబర్లో చివరి పది అంకెలు తీసుకుని ముందు సున్నా చేర్చి ఫోన్లకి పంపుతున్నాను. వేరే ఊరి ల్యాండ్‌లైన్ అయినా ఎస్టీడీ కోడ్ ముందు సున్నాయే కాబట్టి అదీ సరిపోతుంది. ఇప్పుడు మిస్డ్ కాల్ మీద నొక్కితే నేరుగా పోతుంది. తెగిపోయిన కాల్ ఊరి నుంచి వచ్చినదైతే తిరిగి చేయగలగడం ఇక్కడ చాలా ముఖ్యం, కొన్ని చోట్ల సిగ్నల్ వచ్చి పోతూ ఉంటుంది.

కరెంటు సంగతి అందరూ మర్చిపోతారు. పాత రాగి లైనుకి కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, మైనస్ 48 వోల్టులు, ఆస్పత్రిలో దీపాలు ఆరినా ఫోన్ మోగేది. ఐపీ ఫోన్లకి ఆ సౌకర్యం లేదు. సర్వర్, పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ తీగలోనే ఫోన్లకి కరెంటు ఇచ్చేది), ఫైబర్ పెట్టె, మూడూ యూపీఎస్ మీద ఉండాలి. ఫైబర్ పెట్టెని గోడ మీద మామూలు ప్లగ్గులో పెట్టి వెళ్లిపోతారు, అది ఆరితే మిగతావి ఎంతసేపు బతికినా లాభం లేదు. దాన్ని కూడా యూపీఎస్ లైనులోకి మార్పించాను, ఎలక్ట్రీషియన్ అన్న ఓపిగ్గా కొత్త వైరు లాగాడు. మెయిన్ స్విచ్ దించి పరీక్షించాం, మాట్లాడుతున్న కాల్ అలాగే సాగింది.

ఫైబరే తెగితే? అప్పుడు మన సర్వర్ ఏమీ చేయలేదు. ట్రంక్ అందుబాటులో లేనప్పుడు కాల్స్‌ని నర్సు సెల్లుకి మళ్లించమని కంపెనీ వైపే సెట్టింగ్ పెట్టించాం, ఫైబర్ తీగ పీకి అది కూడా చూశాను. తెగిన వెంటనే మళ్లలేదు, ఎస్‌బీసీ మన నుంచి ఆప్షన్స్ జవాబులు రాలేదని గమనించడానికి కాస్త టైం తీసుకుంటుంది. ఆ మధ్యలో వచ్చే కాల్స్ పోతాయి. ఆ విరామం తగ్గించమని రాశాను, చూస్తామన్నారు.

భద్రత గురించి ఒకే మాట: 5060 పోర్టుని ఇంటర్నెట్‌కి తెరవకండి, మాకు ఆ అవసరమే లేదు. ట్రంక్ నుంచి వచ్చే కాల్స్ పడే కాంటెక్స్ట్‌లో (డయల్‌ప్లాన్‌లో ఒక విభాగం) అవుట్‌గోయింగ్ దారి ఏదీ కలపకండి, నర్సు సెల్లుకి పోయే ఆ ఒక్క స్థిరమైన నంబరు తప్ప. బయటివాడు లోపలికి వచ్చి మన ఖర్చుతో విదేశాలకి కాల్స్ చేసేది ఆ సందులోంచే.

ఆదివారం: పాత నంబరు

ఓపీ లేని రోజు కాబట్టి ఈ రోజే మార్పించాం. కంపెనీ ఇంజనీరు లైన్లో ఉండగా రాగి ఫోన్, ఐపీ ఫోన్ రెండూ బల్ల మీద పెట్టుకుని చేస్తూ ఉన్నాం. ఒక కాల్ రాగి దాని మీద మోగింది, కాసేపటికి చేసింది ఐపీ ఫోన్ మీద మోగింది. పాత నంబరు ఇన్వైట్‌లో ప్లస్ 91 తో కాకుండా సున్నాతో వచ్చింది, అంటే రెండు నంబర్ల గుంపులు రెండు రూపాల్లో వస్తున్నాయి. మంగళవారం రాసిన వరుసే దాన్ని పట్టుకుంది, ఏమీ మార్చాల్సి రాలేదు.

వేర్వేరు నెట్‌వర్క్‌ల సెల్లుల నుంచి, గుంతకల్లులో ఉన్న మా మామ ల్యాండ్‌లైన్ నుంచి చేయించి చూశాను. అన్నీ మోగాయి, మాట రెండు వైపులా వచ్చింది, ప్రతి కాల్‌నీ నిమిషం దాటించాను.

ఇంకా మిగిలినవి: సెట్టింగ్స్ ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి డాక్టర్ గారి బీరువాలో పెట్టాలి. ఎత్తని కాల్స్ జాబితా రోజూ పొద్దున అక్కకి ఫోన్లో మెసేజ్‌గా వచ్చేలా చిన్న స్క్రిప్ట్ రాయాలి, అది ఈ వారమే. ల్యాబ్ ఫోన్‌కి తీగ ఇంకా లాగలేదు. రాగి లైను సరెండర్ ఫారం మీద డాక్టర్ గారి సంతకం అయింది, కానీ ఇప్పుడే ఇవ్వొద్దని, కొన్నాళ్లు గమనించాక ఇద్దామని చెప్పాను.